చేపకంటిలో వెలుగు

అల్మాస్‌గూడ,
జూన్

సిందూ,

నీ అడ్రస్ కొత్తపేటల మీ అమ్మ దగ్గర తీసుకున్న. శేషారత్నం ఆంటీ ఒకటే నవ్వుడు. "ఫోన్లుండగా ఉత్తరాలేమిటే, మీ ఇద్దరికీ పిచ్చేమైనా పట్టిందా?" అన్నది. పిచ్చి కాదు. ఫోన్‌ల మాట్లాడితే దుకాణంల నాయిన వింటడు, ఇంట్ల అమ్మ వింటది. నేను "ఏం లేదులే" అంటా, నువ్వు "సరేలే" అంటవు, అయిపోతది. కాయితం మీదైతే అడగాల్సింది అడగొచ్చు.

తమ్ముని సంగతి నీకు కొంత తెలుసు. ఐదో తరగతిల ఉన్నప్పుడు నరేష్‌కు కాళ్లు, కండ్లు వాసినయ్. కిడ్నీల నుంచి ప్రొటీన్ కారిపోతుందన్నరు. అప్పటిసంది స్టెరాయిడ్లు మింగుడే. మొఖం గుండ్రంగ ఉబ్బింది, ఎత్తు పెరుగుతలేడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి, చూస్తే ఆరో తరగతి పిల్లగాని లెక్కుంటడు. ఓ మందు మార్చిన్రు, ఇంకోటి మార్చిన్రు. ప్రొటీన్ పోవుడు ఆగలే.

మొన్న ఎల్బీ నగర్‌ల మేం చూపిచ్చే డాక్టర్ పట్టాభి సారు జీన్ పరీక్ష చేపిచ్చిండు. కిడ్నీల వడపోతకు పనికొచ్చే ఓ జీన్‌ల ఒక్క అక్షరం మారి ఉన్నదట. అమ్మ నుంచి ఒచ్చిన కాపీల, నాయిన నుంచి ఒచ్చిన కాపీల కూడ అదే మార్పు. కానీ గా మార్పును ఇంతకుముందు ఎవ్వరూ చూడలేదట. "రోగానికి ఇదే కారణమో, ఉత్తగనే ఉన్నదో చెప్పలేను" అన్నడు సారు. ఇదే కారణమైతే ఇన్నేండ్లు మింగిన మందులు దండగ. కాకపోతే ఇంకా గట్టి మందు ఒకటి ఉన్నదట, అది ఎక్కిస్తే చిన్న జలుబు కూడ దవాఖాన దాకా తీస్కపోతదట. నాయిన పరేషాన్ అయితున్నడు.

మాటల్ల మాటగ సారే అన్నడు, గిట్లాంటి మార్పులను కొన్ని ల్యాబుల్ల చేపలల్ల పెట్టి చూస్తరని. నాకు కుర్చీల కూసున్నదాన్నే నువ్వు యాదికొచ్చినవ్. పీహెచ్‌డీకి పోయి చేపలు పెంచుతున్నవని ఎంత ఎగతాళి చేసిన నిన్ను! ఇప్పుడు నిజంగ అడుగుతున్న. చేపకు కిడ్నీ ఉంటదా? నీళ్లల్ల ఉండేదానికి మూత్రంతోని ఏం పని?

నీ రజిత

*

పుణె,
జూన్ చివర

రజితా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఆ చివరి ప్రశ్న చూసి నవ్వొచ్చింది. నీకు తెలీదు గానీ మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి ఉదయలక్ష్మి మేడమ్ వేసే మొదటి ప్రశ్న అదే.

మంచినీళ్లల్లో బతికే చేపకే కిడ్నీ పని ఎక్కువ. ఒంట్లో ఉప్పుంటుంది, బయట నీళ్లల్లో ఉండదు. అందుకని నీళ్లు చర్మంలోంచి, మొప్పల్లోంచి లోపలికి వస్తూనే ఉంటాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోడకపోతే చేప బుడగలా ఉబ్బిపోతుంది. అందుకే మా జీబ్రా చేప గుడ్డులో ఉండగానే, రెండో రోజుకల్లా వడపోత మొదలెట్టేస్తుంది. పెద్ద చేప మన చిటికెన వేలంత ఉంటుంది, ఒంటి మీద నీలం చారలు. పిల్ల అయితే కనురెప్ప వెంట్రుకంత. పైగా గాజులా కనబడుతుంది లోపలంతా. మైక్రోస్కోపు కింద పెడితే గుండె కొట్టుకోవడం, రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తడం అన్నీ చూడొచ్చు. మూడేళ్లయింది నేనిక్కడికొచ్చి, ఇంకా విసుగు పుట్టలేదు.

మన కిడ్నీ ఒక్కోదాంట్లో లక్షల వడపోత గుత్తులుంటాయి. ఈ పిల్లకి ఒక్కటే, వెన్ను కింద సరిగ్గా మధ్యలో. కానీ దాని కట్టుబడి మనదే. రక్తనాళం చుట్టూ కొన్ని కణాలు పాదాలు చాచి, వేళ్లలో వేళ్లు పెట్టినట్టు అల్లుకుంటాయి. ఆ వేళ్ల సందుల్లోంచి నీళ్లు పోతాయి, ప్రొటీన్ పోదు. మీ పోచంపల్లి నేత గుర్తు తెచ్చుకో, పడుగూ పేకా. ఆ సందుల్ని బిగించి పట్టుకునే ప్రొటీన్లలో ఒకదాని జీనే నరేష్‌లో మారింది. చేపకీ ఆ జీన్ ఉంది.

మేడమ్‌తో మాట్లాడాను. నువ్వు నా స్నేహితురాలివని పని మొదలెట్టడం కుదరదన్నారు. డాక్టరుగారు అడగాలి, మీ అమ్మా నాన్నా ఒప్పుకోవాలి. అవి వస్తే చూద్దామన్నారు. ఇంకోమాట. మీ అమ్మా నాన్నా దగ్గరి చుట్టాలా? ఇద్దరిలోనూ ఒకే మార్పు ఉందంటే అడుగుతున్నా, తప్పుగా అనుకోకు.

సింధూర

*

దిల్‌సుఖ్‌నగర్,
జూలై

సిందూ,

దుకాణంల కూసోని రాస్తున్న. బోనాల సీజన్ కదా, ఆడోళ్లు చీరెలన్నీ కుప్ప పోపిచ్చి "మళ్లొస్తం" అని పోతున్నరు. మడత పెట్టుకుంట మధ్యల రాస్తున్న, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

ముందు నీతోని కొట్లాట. పడుగూ పేకా అని నాకు చెప్పకు. మా తాత నేసిండు. నాయిన సిద్ధిరాములు పదోతరగతి కాంగనే మగ్గం ఇడిచిపెట్టి గీ దుకాణం పెట్టిండు. నేను అమ్ముడే గాని ఒక్క పోగు నెయ్యలే. వేళ్లల్ల వేళ్లు అన్నవు చూడు, అది సమజైంది.

అమ్మ నాయినకు సొంత మేనత్త బిడ్డ. మా దిక్కు అందరివి అట్లనే. డాక్టర్ సారు కాయితాలు పంపిండు. సంతకం పెట్టేటప్పుడు అమ్మ "నా కొడుకు రోగం చేపకు అంటిస్తరా, దానికి పాపం తగలదా?" అని అడిగింది. నరేష్ ఊకుంటడా? "అమ్మా, పాపమైతే నాకు రావాలె, నేనే పంపుతున్న కద" అన్నడు. వానికి మస్తు ప్రశ్నలున్నయ్. చేపకు నొప్పి అయితదా? ఉబ్బిన చేపకు కూడ స్టెరాయిడ్లు ఇస్తరా? వాని మార్పు పెట్టిన చేపకు వాని పేరు పెడుతరా? జవాబు రాయి, లేకపోతే నన్ను నిద్ర పోనియ్యడు.

ఇంట్ల ఇంకో లొల్లి నడుస్తున్నది. అది తర్వాత రాస్త.

రజిత

*

పుణె,
సెప్టెంబరు

రజితా,

నరేష్‌కి చెప్పు. ఇంత చిన్న పిల్లల్లో నొప్పి తెలిసే నరాలు అప్పుడప్పుడే పుడుతుంటాయి. అయినా మత్తు ఇవ్వకుండా మేం సూది పెట్టం. స్టెరాయిడ్లు ఇవ్వం. పేర్లు పెట్టడం మేడమ్‌కి నచ్చదు గానీ, ఆ తొట్టె మీద నేను పెన్సిలుతో వాడి పొడి అక్షరాలు "ఎన్‌కే" అని రాసుకున్నాను. ఆవిడ చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారు.

ఏం చేశామో చెప్తాను. ముందు చేపలో దాని సొంత జీన్‌ని కత్తిరించేశాం. ఆ పిల్లలు ఉబ్బిపోయాయి. గుండె చుట్టూ నీరు, పొట్ట చుట్టూ నీరు. మొదటిసారి చూసినప్పుడు నాకు చిన్నప్పటి నరేష్ కళ్లే గుర్తొచ్చాయి. తర్వాత అలాంటి గుడ్లలోకే, ఒక్క కణంగా ఉన్నప్పుడే, మనిషి జీన్ సందేశం, అంటే ఆ ప్రొటీన్ తయారుచేయమని చెప్పే నకలు, ఎక్కించాం. మంచి జీన్ ఎక్కిస్తే పిల్లలు ఉబ్బలేదు. మనిషిది చేపలో పనిచేసిందే రజితా! ఎన్నో కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన రెండు జీవాలు, ఒకదాని ముక్క ఇంకోదానికి సరిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు సంతోషంతో.

ఇంక అసలు సంగతి. నిన్న నరేష్ మార్పు ఉన్న జీన్ ఎక్కించిన పిల్లల్ని చూశాను. అవి కూడా ఉబ్బలేదు! శుభ్రంగా ఈదుతున్నాయి. అంటే ఆ మార్పు వల్ల ఏ హానీ లేదేమో. మేడమ్ ఊళ్లో లేరు, ఇంకా పరీక్షలున్నాయి, ఇది చివరిమాట కాదు. కానీ నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

సింధూర

*

అల్మాస్‌గూడ,
అక్టోబరు

సిందూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన, అమ్మకు ఒకసారి చదివి వినిపిచ్చిన. పుట్టుకతోని ఒచ్చిన రోగం కాదు, మందుతోని పోతదేమోనని అమ్మ దేవునికి దీపం పెట్టింది. నాయిన బయటికి పోయి మిర్చి బజ్జీలు తెచ్చిండు, అదే ఆయన పండుగ. దీపావళి కాంగనే గట్టి మందు మొదలుపెడుదమని సారు అన్నడు. మీ ల్యాబు నుంచి ఆయనకు ఇంకా ఏం రాలేదట గని, ఇంక ఆగితే కిడ్నీలు పాడైతయన్నడు.

అప్పుడు రాస్త అన్న లొల్లి ఇప్పుడు రాస్తున్న. అంతయ్య మామ తెలుసు గదా, అమ్మకు అన్న. ఆయన కొడుకు సుదర్శన్ బావకు నన్ను చేసుకుంటమని రెండేండ్ల సంది అడుగుతున్నరు. బావ మంచోడు. మెట్రోల నౌకరీ, తాగడు, కోపం లేదు. నేను "తమ్ముని రోగం ఏందో తెలియనియ్యున్రి, మేనరికంతోని ఒచ్చిందేమో" అని ఆపుకుంట ఒచ్చిన. నీ ఉత్తరం ఒచ్చినంక ఆపేతందుకు ఏం మిగల్లే. సరే అన్న. ఫిబ్రవరిల ముహూర్తం పెట్టిన్రు. మామ అందరికీ స్వీట్లు పంచిండు.

నువ్వు రావాలె. చీర నేనే తీసి పెడుత.

రజిత

*

పుణె,
అక్టోబరు చివర

రజితా,

ఫోన్ చేశాను. నువ్వు "హలో" అనగానే వెనక మీ అమ్మగారి నవ్వు వినబడింది. మీ పెళ్లి మాటలే అనుకుంటా. వెంటనే పెట్టేశాను. మేడమ్ మాత్రం ఈ రోజే డాక్టరుగారితో మాట్లాడారు. కాబట్టి ఈ ఉత్తరం చేరేలోపే నీకు సగం తెలిసిపోయి ఉంటుంది. మిగతా సగం నేనే చెప్పాలి.

చేప ఉబ్బలేదంటే వడపోత బాగున్నట్టు కాదు. కారుతున్నా, కొంచెంగా కారితే ఒళ్లు తట్టుకుంటుంది. నరేష్‌కి పుట్టగానే రాకుండా పదేళ్లు దాటాక వచ్చిందే, అలాగన్నమాట. నేను దాన్ని ఆలోచించాల్సింది. మేడమ్ వచ్చి అడిగిన మొదటి మాట "కళ్లు చూశావా?" అని. చూడలేదు.

కళ్లు చూడడమంటే ఇది. పిల్ల రక్తంలోకి మెరిసే రంగు ఎక్కిస్తాం. ప్రొటీన్లలాగే బాగా పెద్ద అణువులవి. వడపోత బిగువుగా ఉంటే ఆ రంగు రక్తంలోనే ఉండిపోతుంది, కంటి నాళాల్లో పచ్చగా వెలుగుతుంది. సందులు వదులైతే రంగు కిడ్నీలోంచి నీళ్లలోకి పోతుంది, కన్ను మసకబారుతుంది. మంచి జీన్ ఎక్కించిన పిల్లల్ని మర్నాడు చూశాను. ఒక్కొక్క కన్నూ ఉంగరంలో పచ్చరాయిలా ఉంది. తర్వాత "ఎన్‌కే" తొట్టె. మొదటి పిల్ల కన్ను మసకగా ఉంది. సూది సరిగ్గా పడలేదనుకున్నాను. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తొట్టెలో మిగతావాటినీ ఒక్కొక్కటే చూశాను, అన్నీ అంతే.

మార్పే కారణం, రజితా. మళ్లీ చేస్తాం, వేరేవాళ్ల చేత కూడా లెక్కపెట్టిస్తాం. నేను తొందరపడి రాసిన మాట మీద నువ్వు పెళ్లికి ఒప్పుకున్నావు. దీనికి క్షమించమని ఎలా అడగాలో తెలీడం లేదు.

కానీ ఒకటి విను. ఈ రోగం పుట్టుకతో వచ్చిన మార్పు వల్లైతే ఆ గట్టి మందు నరేష్‌కి అక్కర్లేదు. ఎప్పుడైనా కిడ్నీ మార్చాల్సివస్తే, కొత్త కిడ్నీలో మంచి జీనే ఉంటుంది గనక రోగం మళ్లీ తిరగబెట్టడం చాలా అరుదు. ఇక నీ సంగతి. మీ అమ్మానాన్నల దగ్గర చెరొక మంచి కాపీ, చెరొక చెడ్డ కాపీ ఉన్నాయి. నీకు రెండూ మంచివే వచ్చి ఉండొచ్చు, ఒకటి చెడ్డది వచ్చి ఉండొచ్చు. ఒకటుంటే నీకేమీ కాదు. నీకూ సుదర్శన్‌కీ ఇద్దరికీ ఉంటేనే పుట్టేవాళ్లకి భయం. ఇప్పుడు ఏం వెతకాలో తెలుసు కాబట్టి మీ ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

సింధూర

*

అల్మాస్‌గూడ,
డిసెంబరు

సింధూరా,

జవాబు రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు కూడ నరేష్ పోరుపెడితే రాస్తున్న.

గట్టి మందు ఎక్కియ్యకముందే ఆపిన్రు. చేప మాట ఒక్కటే పట్టుకోని కాదని సారు నాయినకు కూసోబెట్టి చెప్పిండు. అమ్మ పరీక్ష, నాయిన పరీక్ష, ఇన్నేండ్లు రోగం నడిచిన తీరు అన్నీ కలిపి చూసిండట. స్టెరాయిడ్లు జర జరంత తగ్గిస్తున్నడు. ప్రొటీన్ కారుడు తగ్గేతందుకు బీపీ గోళీ లాంటిది ఒకటి ఇచ్చిండు. రోగం పోదు గని మెల్లగ నడుస్తదట.

అమ్మ రెండు రోజులు తినలే. "నా నుంచే ఒచ్చిందా?" అని ఒకటే మాట. నాయిన పక్కన కూసోని "సగం నాది, యాదమ్మా. నీ ఒక్కదానిది ఎట్లయితది?" అన్నడు. ఆయన అమ్మను పేరు పెట్టి పిలువంగ నేను పుట్టినసంది వినలే.

పరీక్ష మాట ఎత్తంగనే అంతయ్య మామ లేచి నిలబడ్డడు. "మా ఇంటి రక్తానికి వంక పెడుతున్నరా? చేపను చూసి పిల్లను ఆపుతరా?" అని చెప్పులేసుకోని పోయిండు. బావ తల ఒంచుకోని ఎనక పోయిండు.

నీ మీద కోపం పోలే. ఎందుకో నాకే సరిగ్గ తెలుస్తలేదు.

రజిత

*

పుణె,
జనవరి

రజితా,

కోపంగా ఉన్నా రాశావు, అదే చాలు.

మళ్లీ చేశాం. ఏ తొట్టె ఏదో నాకు తెలియకుండా మేడమ్ అంకెలు మార్చేశారు, నేను కళ్లు మాత్రం చూసి రాసుకున్నాను. తర్వాత విప్పి చూస్తే మసక కళ్లన్నీ నరేష్ మార్పు ఉన్న పిల్లలవే. ఇక సందేహం లేదు.

నరేష్ అడుగుతాడని ఇంకోటి కూడా చూశాను. ఆ ప్రొటీన్ తయారవుతోంది, కానీ వేళ్ల సందుల దాకా చేరడం లేదు. మడత సరిగ్గా పడక కణం లోపలే చిక్కుకుపోతోంది. కొంచెం మాత్రం బయటపడి తన చోటికి వెళ్తోంది. అందుకే పిల్లలు ఉబ్బలేదు, అందుకే వాడికి అన్నేళ్లు ఏమీ కాలేదు. చిక్కుకున్నదాన్ని బయటికి లాగే మందు ఉంటుందా? తెలీదు. ఉంటుందని వాడికి చెప్పకు. వెతకొచ్చని మాత్రం చెప్పు. నేను వెతకడం మొదలెట్టాను.

నీ కోపం గురించి ఒక్క మాట అడుగుతాను. పిల్లలు ఉబ్బలేదని రాసిన మొదటి ఉత్తరం మీదా, కళ్లు మసకబారాయని రాసిన రెండో ఉత్తరం మీదా?

సింధూర

*

అల్మాస్‌గూడ,
ఫిబ్రవరి

సిందూ,

మొదటిదాని మీద.

నువ్వు అడిగినంక వారం ఆలోచిస్తే తెలిసింది. రెండో ఉత్తరం ఒచ్చిన రోజు నేను ఏడ్వలే. దుకాణం షట్టర్ సగం దించి లోపల కూసున్న. గుండె మీద బరువు దిగినట్టైంది. తమ్మునికి రోగం ఖాయమైన రోజు నాకు హాయిగ అనిపిచ్చింది సిందూ. అందుకు సిగ్గయి, ఆ సిగ్గంతా కోపం చేసి నీ మీద ఏసిన.

పెండ్లి ఆగింది గని మాట తెగలే. పోయిన నెల సుదర్శన్ బావ డ్యూటీ నుంచి సీదా దుకాణానికి ఒచ్చిండు. నాయిన సరుకు కోసం పోయిండు. బావ స్టూలు మీద కూసోని, "రక్తం ఇచ్చొచ్చిన" అన్నడు.

"మామకు చెప్పినవా?"

"రిపోర్ట్ ఒచ్చినంక చెప్తా. నువ్వు కూడ ఇయ్యి రజితా. మన కోసం కాకున్నా నరేష్ కోసం. రేపు కిడ్నీ ఇయ్యాల్సొస్తే ఎవరు పనికొస్తరో తెలుస్తది."

అంత సాఫ్‌గ మాట్లాడుతడని నాకు తెల్వదు. మర్నాడే పోయి ఇచ్చిన.

రిపోర్టులు మొన్న ఒచ్చినయ్. ఇద్దరం కలిసే పోయినం. బావకు ఒక చెడ్డ కాపీ ఉన్నది. నాకు లేదు. రెండూ మంచివే. సారు నవ్వుకుంట, "ఏం భయం లేదమ్మా, మీరిద్దరు పెండ్లి చేసుకున్నా పిల్లలకు ఈ రోగం రాదు. రేపు తమ్మునికి కిడ్నీ కావాల్సొస్తే మొదలు నీదే చూస్తం" అన్నడు. నరేష్‌కు నేను పనికొస్తనన్న మాటకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ముందు చెప్పిన పెండ్లి మాటకు మాత్రం నవ్వలేకపోయిన.

బయటికొచ్చి కొత్తపేట దాకా నడిచినం. రైతు బజార్ ముంగట గుంపుల బావ నా వెనక నడుసుకుంట ఒచ్చిండు. చాయ్ తాగేటప్పుడు, "ఇప్పుడు ఏం చెప్తవ్ రజితా?" అన్నడు.

నేను గ్లాసు దిక్కే చూస్తున్న. రెండేండ్లు తమ్ముని రోగాన్ని అడ్డం పెట్టుకున్న, తర్వాత చేపను అడ్డం పెట్టుకున్న. ఇప్పుడు ముంగట ఏం లేదు. "నువ్వు మంచోడివి బావా. కానీ నాకు నీతోని పెండ్లి ఇష్టం లేదు. మొదటి నుంచి లేదు. చెప్పే ధైర్యం లేకుండె" అన్న.

బావ గ్లాసు కింద పెట్టిండు. తర్వాత, "సారు నవ్వినప్పుడు నీ మొఖం చూసిన. అప్పుడే తెలిసింది" అన్నడు. చాయ్ పైసలు ఇచ్చి, "నేను ఇట్ల ఒక కాపీ మోస్తున్నానని రేపు చేసుకోబోయే పిల్లకు ముందే చెప్తా. నువ్వు చేపిచ్చిన పరీక్షే అది" అని బస్సెక్కిండు. కోపంతోని అనలే. అందుకే మనసుకు ఇంకా కష్టమైంది.

నరేష్ సంగతి చెప్తా. స్టెరాయిడ్ చాలా వరకు తగ్గింది. దవడ ఎముక కనిపిస్తున్నది, పొద్దున అద్దం ముంగట మొఖం అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నడు. పాంటు కురచైందని లొల్లి పెట్టిండు, అమ్మ కొత్తది కొనుడు మాని ముందు కొలత పట్టి చూసి ఏడ్చింది. ప్రొటీన్ ఇంకా పోతున్నది గని ముందంత లేదు. పట్టాభి సారు ఇంకా కొన్నేండ్లు కిడ్నీలు పనిచేస్తయంటున్నడు. పదోతరగతి అయినంక నీ ల్యాబ్ చూస్తడట, ఇప్పటి నుంచే మీ మేడమ్‌ను అడగాల్సినయి తయారు పెట్టుకుంటున్నడు.

నిన్న రాత్రి అన్నం తిన్నంక అమ్మ నా పక్కన కూసున్నది. ఆమెకు రిపోర్ట్ మాట తెలుసు, చాయ్ దగ్గరి మాట తెల్వదు.

"చేప గండం తప్పినట్టే కదనే? ఇంక మీ మామతోని మాట్లాడనా?" అన్నది.

"చేప చెప్పాల్సింది చెప్పిందమ్మా. ఇప్పుడు చెప్తున్నది నేను. నాకీ పెండ్లి వద్దు."

అమ్మ తిట్టలే. నా చెయ్యి పట్టుకున్నది. ఎక్కడికో చూసుకుంట, "నన్ను అప్పుడు ఎవ్వరూ అడగలే" అన్నది, అంతే. తర్వాత లేసి ఎంగిలి గిన్నెలు ఎత్తుకుంట, "మరి మీ మామకు ఎవరు చెప్తరు?" అన్నది.

"నేనే చెప్తా."

గీ ఉత్తరం డబ్బాల ఏసి, అటు నుంచి అటే మామ ఇంటికి పోతున్న.

రజిత